ఎప్పుడూ బోరేనా? ముందు అది ఏ బోరో తేల్చుకోండి: నెల్లూరు కుర్రకారుకి ఒక సమగ్ర మార్గదర్శి

"ఏందబ్బయా సంగతులు?" అని ఇరవై ఏళ్ల కుర్రాణ్ని ఎవరినైనా అడిగి చూడండి. మాగుంట లేఅవుట్‌లో టీ కొట్టు దగ్గరైనా, మైపాడు బీచ్‌లోనైనా, కావలిలో కాలేజీ గేటు ముందైనా వచ్చే జవాబు ఒకటే: "ఏముందన్నా, బోరు కొడతా ఉంది." చేతిలో ఫోనుంటుంది. అందులో అయిపోని డేటా ఉంటుంది. పక్కనే ఇద్దరు స్నేహితులుంటారు. అయినా బోరే. పెద్దవాళ్లకి ఇది ఒళ్లు బలుపులాగా కనిపిస్తుంది. "మా రోజుల్లో బోరు కొట్టేంత తీరిక ఎక్కడేడిచింది" అంటారు. తీరికకీ బోరుకీ వాళ్లనుకున్నంత చుట్టరికం లేదు. పొద్దున్నుంచి రాత్రి దాకా కౌంటర్లో బిల్లులు కొట్టేవాడికీ బోరు కొడుతుంది. అరుగు మీద ఊరికే కూర్చున్న తాతకి కొట్టకపోవచ్చు.

ఇక్కడ నేను చెప్పబోయేదంతా ఒక్క మాట చుట్టూ తిరుగుతుంది. బోరు కొట్టగానే ఇంకోదాని మీదికి దూకకండి, అది ఏ రకం బోరో ముందు తేల్చండి. ఒక రకానికి పనిచేసే ఉపాయం ఇంకో రకాన్ని ముదరబెడుతుంది.

అసలు ఎందుకింత బోరు?

కెనడాలోని యార్క్ విశ్వవిద్యాలయంలో మనస్తత్వ శాస్త్రవేత్త జాన్ ఈస్ట్‌వుడ్, ఆయన సహచరులు 2012లో బోరును ఇలా వివరించారు: తృప్తినిచ్చే పనిలో పడాలని మనసుకి ఉంటుంది, కానీ పడలేకపోతుంది, ఆ ఇబ్బందే బోరు. ఇందులో కోరిక ఉందన్న సంగతి చూడండి. బద్ధకస్తుడికి ఏమీ చేయాలని ఉండదు. బోరు కొడుతున్నవాడికి ఏదో చేయాలని ఉంటుంది, ఏదీ పట్టు చిక్కదు. కాబట్టి "సోమరిపోతు" అని తిడితే గురి తప్పినట్టే.

ఆ ఇబ్బందిని మనిషి ఎంత భరించలేడో చూపించే ప్రయోగం ఒకటుంది. 2014లో అమెరికాలోని వర్జీనియా విశ్వవిద్యాలయంలో తిమోతీ విల్సన్ బృందం కొందరిని ఖాళీ గదిలో పదిహేను నిమిషాలు ఒంటరిగా కూర్చోబెట్టింది. ఫోను లేదు, పుస్తకం లేదు. ఒక మీట మాత్రం ఉంది, నొక్కితే చిన్న కరెంటు షాకు తగులుతుంది. ఆ షాకు ఎలా ఉంటుందో వాళ్లకి ముందే చూపించారు, డబ్బులిచ్చైనా దాన్ని తప్పించుకుంటామని వాళ్లే అన్నారు. తీరా చూస్తే 18 మంది మగవాళ్లలో 12 మంది, 24 మంది ఆడవాళ్లలో ఆరుగురు తమకు తామే షాకు పెట్టుకున్నారు. ఊరికే కూర్చోవడం కంటే అదే నయమనిపించింది.

ఇప్పుడు ఆ మీట స్థానంలో ఫోను వచ్చింది. టొరంటో విశ్వవిద్యాలయంలో కేటీ టామ్, మైకేల్ ఇంజ్లిక్ట్ 2024లో ప్రచురించిన ప్రయోగాల్లో ఒకటి మన పిల్లలందరూ తెలుసుకోవాలి. ఒకసారి పది నిమిషాల వీడియో ఒక్కటే ఇచ్చి, ముందుకు జరిపే వీలు లేకుండా చూడమన్నారు. ఇంకోసారి ఐదు నిమిషాల వీడియోలు ఏడు ఇచ్చి, అదే పది నిమిషాల్లో ఇష్టం వచ్చినట్టు మార్చుకోమన్నారు. మార్చుకునే వీలుంటే బోరు తక్కువని జనం ముందే అనుకున్నారు. జరిగింది తలకిందులు: మార్చుకుంటూ పోయినప్పుడే ఎక్కువ బోరు కొట్టింది. బోరు పోగొట్టుకోవడానికి మనం వేలితో చేసే పనే బోరుని పెంచుతోందన్నమాట.

ఇవి ఎక్కడి పిల్లలకైనా వర్తించేవి. మన నెల్లూరు పిల్లల విషయంలో నాకు కనిపించే కారణం ఇంకొకటుంది. పదో తరగతి అయిపోగానే రెసిడెన్షియల్ కాలేజీలో పడేస్తాం. తెల్లారుజామున గంట కొడితే లేవాలి, రాత్రి గంట కొడితే పడుకోవాలి. మధ్యలో క్లాసు, స్టడీ అవర్, మళ్లీ క్లాసు, వారానికో పరీక్ష. "ఇప్పుడు నీకేం చేయాలనుంది?" అని ఆ రెండేళ్లలో ఎవరూ ఒక్కసారీ అడగరు. రోజుని తనంతట తాను నింపుకోవడం కూడా నేర్చుకోవాల్సిన విద్యే, అది అబ్బే వయసు సరిగ్గా పదహారు, పదిహేడు. ఆ వయసులో టైంటేబుల్ ఇంకొకరి గుప్పిట్లో ఉంటుంది. పద్దెనిమిదేళ్లకి ఒక్కసారిగా రోజంతా చేతికొస్తే ఏం చేయాలో తోచదు. 2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా చవకయ్యాక, ఆ తోచనితనాన్ని నింపడానికి ఒకటే వస్తువు జేబులో సిద్ధంగా ఉంది. దీనికితోడు మన ఎండలు. రోహిణి కార్తెలో పదకొండు నుంచి ఐదు దాకా గడప దాటలేం. ఇంట్లో ఫ్యాను, మంచం, ఫోను.

మొదటి మెట్టు: మూడు రోజులు రాసుకోండి

చిన్న నోటుపుస్తకం, పెన్ను జేబులో పెట్టుకోండి. ఫోన్లో రాయొద్దు. రాయడానికి తీసిన ఫోను ఊరికే లోపలికి పోదు. బోరు కొట్టిన ప్రతిసారీ నాలుగు ముక్కలు చాలు: టైమెంత, ఏం చేస్తున్నారు, సరిగ్గా ఎక్కడ మనసు జారింది, తర్వాత ఏం చేశారు. "మధ్యాహ్నం 3:10. పాలిటీ పుస్తకం. రిట్ల దగ్గర. ఫోను తీశా. చూస్తే 4 అయింది." ఇంతే. రాత్రి ఎన్నింటికి పడుకున్నారో రోజుకొక్కసారి పక్కన వేయండి.

మూడో రోజుకి ఒక సంగతి బయటపడుతుంది. "ఎప్పుడూ" బోరు కొట్టడం లేదు. దానికొక వేళ ఉంది, చోటు ఉంది, చాలాసార్లు ఒకే పని ఉంది.

రెండో మెట్టు: ఏ బోరో తేల్చండి

ఎరిన్ వెస్ట్‌గేట్, తిమోతీ విల్సన్ 2018లో ఒక లెక్క చెప్పారు. పని మరీ సులువైనా దృష్టి నిలవదు, మరీ కష్టమైనా నిలవదు. దృష్టి నిలిచినా ఆ పనికి అర్థం కనపడకపోతే అప్పుడూ బోరే. మీ నోటుపుస్తకాన్ని ఈ లెక్కతో చదవండి.

*సులువు బోరు.* స్టోన్‌హౌస్‌పేటలో నాన్న బియ్యం కొట్లో కూర్చునే కుర్రాణ్ని తీసుకోండి. తూకం వెయ్యి, డబ్బు తీసుకో, చిల్లర ఇవ్వు. బుర్రలో పావు వంతు కూడా వాడనక్కర్లేదు. అక్కడ పని మానేయడం కుదరదు గనక పనికి కష్టం జతచేయాలి. కాలిక్యులేటర్ కంటే ముందు నోటితో లెక్క తేల్చండి. గుప్పెడు బియ్యం చూసి పాతవా కొత్తవా, నూక ఎంత ఉందో ముందు మీరు చెప్పి, తర్వాత నాన్ననడగండి. సాయంత్రం గల్లాపెట్టె లెక్కపెట్టేముందు ఎంత ఉంటుందో కాగితం మీద రాసి, తేడా ఎంతో చూడండి. నెల తిరిగేసరికి ఆ తేడా తగ్గుతుంది, పక్క కొట్టువాడి కంటే మీకు వ్యాపారం బాగా తెలుస్తుంది.

*కష్టం బోరు.* ఇది మారువేషంలో తిరిగే బోరు, అందుకే దీని దగ్గర కాసేపు ఆగుదాం. "ఆ సార్ క్లాసు బోరు" అనే మాట వెనక చాలాసార్లు ఉండేది "నాకు అర్థం కావడంలేదు" అనే మాట. అర్థం కావడంలేదంటే నామోషీ, బోరంటే దర్జా. బీటెక్ మొదటి ఏడాది లెక్కల్లో సమాకలనం నడుస్తుంటే దృష్టి జారిపోతుంది. నిజానికి ఇంటర్ మొదటి ఏడాది త్రికోణమితి దగ్గరే పునాది కదిలి ఉంటుంది. సూత్రాలు బట్టీపట్టి మార్కులు తెచ్చుకున్నారు, పట్టు రాలేదు. దీనికి మందు కిందికి దిగడమే. అదే సబ్జెక్టులో మీకు చివరిసారిగా బాగా అర్థమైన పాఠం ఏదో వెతకండి. అది తొమ్మిదో తరగతిదైనా సరే, సిగ్గుపడొద్దు. అక్కణ్నుంచి రోజుకు ఇరవై ఐదు నిమిషాలు, కాగితం మీద, లెక్క తర్వాత లెక్క. ఇలాంటివాళ్లకి "ఇంకా ఆసక్తికరమైన వీడియో చూడు" అని సలహా ఇస్తారు కొందరు. నా దృష్టిలో అది చెడ్డ సలహా. చూసినప్పుడు అర్థమైనట్టుంటుంది, పెన్ను పడితే చెయ్యి కదలదు, మళ్లీ బోరు.

*ఎదురుచూపుల బోరు.* డీఎస్సీ, గ్రూప్స్, బ్యాంకు, పోలీసు ఉద్యోగాలు. నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో తెలీదు, వచ్చాక పరీక్ష ఎప్పుడో తెలీదు. బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండుగలో ఉద్యోగం రావాలని మొక్కుకుని పట్టుకునే ఉద్యోగ రొట్టె కోసం చెరువులో దిగి నిలబడేవాళ్లని చూస్తే ఈ జిల్లాలో ఎంతమంది ఈ ఎదురుచూపుల్లో ఉన్నారో తెలుస్తుంది. ఈ బోరు ప్రత్యేకత ఏమిటంటే రోజంతా చదువుతున్నట్టే ఉంటుంది, గట్టిగా లెక్కేస్తే రెండు గంటలు కూడా ఉండదు. మిగతాది చదువూ కాదు, విశ్రాంతీ కాదు. చదువుకి గోడ కట్టండి: పొద్దున ఆరు నుంచి పది, సాయంత్రం ఐదు నుంచి ఏడు. ఆ గంటల్లో ఇంకేమీ లేదు. మిగతా గంటల్లో పుస్తకం ముట్టుకోకూడదు, ఇది మొదటిదానికంటే కష్టమైన నియమం. ఆ మిగతా గంటల్లో కొంచెమైనా సంపాదన ఉండాలి. వీధిలో ఆరు నుంచి పదో తరగతి పిల్లలకి ట్యూషన్ చెప్పినా మీ సొంత జనరల్ స్టడీస్ కుదుటపడుతుంది, నెలకి నాలుగు డబ్బులొస్తాయి, ముఖ్యంగా సాయంత్రం ఏడు కొట్టేసరికి మీకోసం ఎదురుచూసేవాళ్లుంటారు.

*అర్థం లేని బోరు.* చేసే పని ఎవరికి చేరుతుందో తెలియకపోతే పుట్టేది ఇది. ప్రాజెక్టు రికార్డు కాపీ కొట్టడం మంచి ఉదాహరణ. చేయాల్సిందే అయితే తొందరగా, ఒకే బిగిన చేసి వదిలించుకోండి. దాన్లో అర్థం వెతక్కండి.

*నిద్ర చాలని బోరు.* నోటుపుస్తకంలో పడుకున్న టైము ఒంటిగంట, రెండు అని ఉందా? అయితే మిగతావన్నీ ఆపి ముందు దీన్ని చూడండి. టీనేజీలో 8 నుంచి 10 గంటలు, ఆ తర్వాత 7 నుంచి 9 గంటలు నిద్ర కావాలి. నిద్ర లేని మెదడుకి దేని మీదా దృష్టి ఆనదు. దానికి మనం పెట్టే పేరు బోరు.

మూడో మెట్టు: ఇది బోరేనా?

ఒకప్పుడు ప్రాణంగా ఉన్న క్రికెట్, స్నేహితులు, ఇష్టమైన కూర కూడా రెండు వారాలకి పైగా రుచించకపోవడం, నిద్రా ఆకలీ తప్పడం, "నేనెందుకూ పనికిరాను" అనిపించడం. ఇవి కనిపిస్తే ఇది దిగులు వ్యాధి (డిప్రెషన్) కావచ్చు, దీనికి డాక్టరు కావాలి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలీ మానస్‌కి 14416 నంబరులో ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడొచ్చు. చచ్చిపోవాలనిపిస్తుంటే ఈ వ్యాసం పక్కన పెట్టి ఇప్పుడే చేయండి, ఇంట్లో ఒకరికి చెప్పండి.

బోరు పేరుతో మొదలై ఇల్లు గుల్ల చేసేది ఇంకొకటుంది, పందెం. ఆన్‌లైన్ రమ్మీ, పేకాట వంటివాటిని ఆంధ్రప్రదేశ్ 2020లోనే నిషేధించింది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా ఆపుతూ 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసింది. అయినా ఐపీఎల్ రోజుల్లో ఏదో ఒక లింకు వాట్సాప్‌లో తిరుగుతూనే ఉంటుంది. అప్పు చేసి ఆడే దశకి వచ్చి ఉంటే, మొత్తం ఎంతో ఇంట్లో పెద్దవాళ్లలో ఒకరికి ఒకేసారి చెప్పేయండి. ముక్కలు ముక్కలుగా చెప్పొద్దు.

నాలుగో మెట్టు: ఫోను మానొద్దు, మార్చడం మానండి

ఫోను పూర్తిగా వదిలేస్తానని శపథం పట్టేవాళ్ల శపథం ఆదివారం సాయంత్రానికి హుష్‌కాకి. టొరంటో ప్రయోగం చెప్పింది కూడా వీడియో చూడొద్దని కాదు, గెంతొద్దని. కాబట్టి చూసేది ముందే ఎంచుకోండి, మొదలుపెట్టాక చివరిదాకా చూడండి, స్పీడు పెంచొద్దు. నచ్చకపోతే ఆపేయండి, ఇంకోదానికి మాత్రం పోవద్దు. ఈ ఒక్క నియమం పెట్టుకుంటే చెత్త వీడియోలు వాటంతటవే రాలిపోతాయి, చివరిదాకా చూడాలంటే ఎంచుకోవడంలో జాగ్రత్త వస్తుంది.

చేతితో చేయాల్సిన మార్పులు: ఆటోప్లే ఆపండి. మనుషుల నుంచి వచ్చే కబుర్లు తప్ప మిగతా నోటిఫికేషన్లన్నీ మూసేయండి. ఆండ్రాయిడ్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్, ఐఫోన్‌లో స్క్రీన్ టైమ్ తెరిచి రీల్స్ ఉన్న యాప్‌కి రోజుకి అరగంట పరిమితి పెట్టండి. రాత్రి చార్జింగు హాల్లో పెట్టండి, అలారానికి పాత గడియారం కొనుక్కోండి. కిందికి జరిపేకొద్దీ తరగని ఆ పేజీ పద్ధతిని 2006లో రూపొందించిన అజా రాస్కిన్ తర్వాత తానే దానికి చింతించాడు. అంటే మీ సంకల్పబలం మీద అనుమానం అక్కర్లేదు, అవతల ఉన్నది అలా తయారుచేసిన వస్తువు. మొదటి వారం బోరు తగ్గదు, పెరుగుతుంది. చిరాకు కూడా వస్తుంది. ఇంట్లోవాళ్లకి ఈ సంగతి ముందే చెప్పి ఉంచండి.

ఐదో మెట్టు: కాసేపు ఊరికే ఉండండి

నెల్లూరు నుంచి కావలికి బస్సెక్కితే ఫోను సంచీ అడుగున పెట్టండి. కిటికీ సీటు. ఇయర్‌ఫోన్లు వద్దు. మొదటి పది నిమిషాలు చెయ్యి దానంతటదే జేబులోకి పోతుంది, పోనివ్వండి, జేబు ఖాళీ. కోవూరు దాటేసరికి మనసు తన దారిన తాను తిరగడం మొదలుపెడుతుంది. ఇంగ్లండులో సెంట్రల్ లాంకషైర్ విశ్వవిద్యాలయంలో శాండీ మాన్ 2014లో ప్రచురించిన ప్రయోగంలో కొందరితో టెలిఫోన్ డైరెక్టరీలోని నంబర్లు చేత్తో రాయించి, తర్వాత ప్లాస్టిక్ కప్పులతో ఏమేం చేయొచ్చో చెప్పమన్నారు. ఆ విసుగు పని చేసినవాళ్లకే ఎక్కువ ఆలోచనలొచ్చాయి. విసుగుని కాస్త ఓర్చుకుంటే లోపల ఏదో కదులుతుంది. రోజుకి పది నిమిషాలతో మొదలుపెడితే చాలు. మిద్దె మీద సాయంత్రం గాలి మళ్లినప్పుడైతే ఇంకా మంచిది.

ఆరో మెట్టు: ఎదురుతిరిగే పని ఒకటి పట్టుకోండి

ఫోను ఎప్పుడూ ఎదురుచెప్పదు. అందుకే దానికి ఓర్పు నేర్పడం చేతకాదు. మీరు ఎంచుకునే పని మీ మాట వెంటనే వినకూడదు, చేతులకి పని చెప్పాలి, అయిపోయిందని చూపించడానికి ఏదో ఒకటి మిగలాలి. ఒక్కటే ఎంచుకోండి, రెండు నెలలు మార్చొద్దు.

చేపల పులుసు నేర్చుకోండి. నవ్వొద్దు, నెల్లూరులో పుట్టి అది చేయడం రాకపోతే ఎలా? పొద్దున్నే మార్కెట్టుకి పోయి మొప్పలు ఎర్రగా ఉన్నాయో లేదో చూసి కొరమేనో బొమ్మిడాయిలో కొనడం, ఉప్పూ పసుపూ వేసి జిగురు పోయేదాకా కడగడం, చింతపండు పులుపుకీ మామిడికాయ పులుపుకీ లెక్క కుదర్చడం, ముక్కలు వేశాక గరిటె పెట్టకుండా దాకనే రెండు చేతులా పట్టుకుని తిప్పడం. మొదటిసారి ముక్క చెదురుతుంది. రెండోసారి పులుపెక్కువవుతుంది. మర్నాడు తింటేనే అసలు రుచి తెలుస్తుంది గనక ఆ రాత్రి ఆత్రం ఆపుకోవాలి. ఒక రోజంతా ఒకే పని మీద మనసుంచడానికి ఇంతకంటే రుచికరమైన సాధన నాకు తెలీదు.

వంట వద్దంటే పక్షులు. దొరవారిసత్రం దగ్గర నేలపట్టు 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు తిరుపతి జిల్లాలోకి పోయింది గానీ, గూడబాతులకి ఆ సంగతి తెలీదు, చలికాలంలో వచ్చి నీటిలోని చెట్ల మీద గూళ్లు కడుతూనే ఉన్నాయి. ఒక్క గూటిని ఎంచుకుని గంటసేపు చూసి, జరిగిందంతా రాయండి. అంత దూరం కుదరకపోతే వరికోతలయ్యాక మీ ఊరి మడుల్లో దిగే నత్తగుల్ల కొంగలు చాలు.

కాళ్లకి పని కావాలంటే ఉదయగిరి కొండెక్కండి. శ్రీకృష్ణదేవరాయల సైన్యం దాదాపు ఏడాదిన్నర ముట్టడి వేసి 1514లో పట్టుకున్న కోట అది. ఆ సైనికులకి ఎంత బోరు కొట్టి ఉంటుందో పైకెక్కి చూస్తే అర్థమవుతుంది. తెల్లారకముందే మొదలుపెట్టండి, నీళ్లు ఎక్కువ తీసుకెళ్లండి, ఒంటరిగా పోవద్దు. దిగాక ఉదయగిరిలో చెక్కతో గరిటెలు, చెంచాలు చెక్కేవాళ్ల దగ్గర ఒక పూట కూర్చోండి. చేతి పని అంటే ఏమిటో మాటల్లో చెప్పనక్కర్లేదు.

ఏడో మెట్టు: వారానికి రెండుసార్లు మనుషుల్లోకి

మగపిల్లలకి గోడ, టీ కొట్టు, గ్రౌండు ఉన్నాయి. అక్కడ కూడా నలుగురూ నాలుగు ఫోన్లలో ఉంటే అది ఒంటరితనమే. వాలీబాల్ నెట్టు కట్టే చోటికి పొండి, ఆట రాకపోతే స్కోరు చెప్పండి. ఆ రెండు రోజులూ ఒకే టైముకి, ఒకే చోటుకి పొండి, మీరు రాకపోతే "ఏడీ వాడు?" అని అడిగేవాళ్లుండాలి.

అమ్మాయిల సంగతి వేరు. డిగ్రీ అయ్యాక సంబంధాలు చూస్తూ ఇంట్లో ఉంచుతారు. బయటికి పోవాలంటే కారణం చెప్పాలి, తిరిగి రావాల్సిన టైము చెప్పాలి. ఆ బోరుని "హాబీ పెట్టుకో" అని తీసిపారేయడం అన్యాయం. అక్కడ కరువైనది హాబీ కాదు, తలుపు. ఇంట్లో ఒప్పించడానికి తేలికైన చోటుతో మొదలుపెట్టండి: గ్రంథాలయం, కుట్టు లేదా కంప్యూటర్ క్లాసు, చెల్లెలి స్నేహితులకి ట్యూషన్. ఇద్దరు ముగ్గురు కలిసి అడిగితే ఒక్కరడిగినదానికంటే త్వరగా ఒప్పుకుంటారు. వెళ్లే రోజులు, టైము మారకుండా ఉంచండి, నెల తర్వాత ఎవరూ కారణం అడగరు. ఆపైన సొంతంగా సంపాదించిన మొదటి రెండు వేలు చాలా తలుపులు తీస్తాయి.

ఇంట్లో పెద్దవాళ్లకి

"బోరు కొడతా ఉందమ్మా" అన్నప్పుడు "పోయి చదువుకో" అనకండి, చదువు శిక్షగా మారిపోతుంది. ఫోను లాక్కోకండి, ఇంకో ఫోను పుడుతుంది. ఇంటి బాధ్యత ఒకటి పూర్తిగా అప్పజెప్పండి: నెల సరుకులో, పాలూ కరెంటు లెక్కలో, నాయనమ్మ బీపీ మాత్రలూ డాక్టరు తేదీలో. ఏదిచ్చినా మొత్తం ఇవ్వండి, డబ్బుతో సహా. మధ్యలో గంటకోసారి అడగొద్దు, తప్పు చేస్తుంటే చేతిలోంచి తీసుకోవద్దు. నెలాఖరుకి లెక్క తేడా వస్తే, ఎక్కడ పోయిందో వాళ్లనే కూర్చుని వెతకనివ్వండి.